కుడికాలి చెప్పు

ముందుగాల కనిపెట్టింది మెకానిక్కు కాదు.
దేవరకొండ బస్టాండు గోడ పొంటి
చినిగిన గొడుగు కింద కూసునే బక్కమ్మ.
"జంగయ్య సారూ,
ఎడమది పెండ్లికి కొన్నట్టే ఉంది,
కుడిది మడమ కాడ కాయితమైంది.
ఒక్క కాలుతోనే నడుస్తవా ఏంది?"

నవ్విన. చెప్పలే.

ఎవరి బర్రెనో ఎదకొచ్చిందని ఫోనొస్తే
కాళ్ళ నడుమ నైట్రోజన్ క్యాను పెట్టుకొని
ఉరికేటోన్ని నేను.
చందంపేట దిగుడుల
పెడలు అడుగంటేదాక తొక్కినా
నా చేతక్‌కు వినవడదు.
కాలు దించాలె.
తారు మీద నా చెప్పు గీసిన గీత
కంకర మిషిన్ దాక పోతది.

మొదట నేనే మెకానిక్కును.
వెనక చక్రం కాడి నట్టు ఒక చుట్టు బిగించిన.
రెండు దినాలు మంచిగుంది.
ఇంకో చుట్టు.
ఇంకొకటి.
మరలు ఒడిసినయి, బ్రేకు రాలే.
ఉత్తగ తిప్పినా గరగరమంటది,
ఆగుమంటే ఆగది,
సణుగుడే తప్ప సంతకం పెట్టని
మా ఆఫీసు పెద్దమనిషి తీరు.

తీగె పోయిందన్నడొకడు. మార్పిస్తి.
లైనర్లన్నడు ఇంకొకడు. కొత్తయి ఏయిస్తి.
నెల తిరగలే,
కొత్తయి గూడ పాతవాటి బుద్ధే నేర్సుకున్నయి.

డిండి తొవ్వల ఖలందర్ షెడ్డు.
బండి నడపనియ్యలే, స్టార్టు గూడ చెయ్యనియ్యలే.
నన్ను పెడలు తొక్కుమని
తాను చక్రం కాడ కూసున్నడు
నాడి చూసేటోని లెక్క.
"చెయ్యి కదులుతుంది. తీగె తప్పు లేదు."
పళ్ళెం కింద వేలు పెట్టి తీసి
నా ముక్కు కాడ పెట్టిండు.
"వాసన చూడు సార్. నీకు వాసనల పనే గదా."

గేర్ల నూనె.

పిన్ను పీకిండు, నట్టు ఇప్పిండు,
కట్టె సుత్తెతోని చుట్టూ తట్టి
డ్రమ్ము గుంజిండు.
లోపల రెండు షూలు
వానల తడిసిన బర్రె ఈపు తీరు మెరుస్తున్నయి.
"సీలు పోయింది" అన్నడు.
చంటిపిల్ల గాజంత రబ్బరు.
పట్టుకోవాల్సినదాన్ని నూనెల ముంచి
పట్టుకుంటలేదని తిట్టుకుంట తిరిగిన ఇన్నొద్దులు.

కడిగి ఆరబెడ్తే పనికిరాదా అంటే
లైనరును స్టవ్వు మంట మీద పట్టిండు.
సన్నగ బుడగలు.
తుడిచిండు. మళ్ళ బుడగలు.
"కల్లు తాగినోడు మాట ఇచ్చినట్టు సార్.
లోపలిది అయిపోదు."

ఇంకో జత తీసుకుంటుంటే అడిగిండు,
"గేర్ల నూనె ఎంత పోస్తవ్?"
"నిండ పోస్త. పాత బండి, మంచిగుంటదని."
చాలసేపు నవ్విండు.
"లెవల్ బోల్టు ఎందుకు పెట్టిండనుకున్నవ్?"

నాకు నోట మాట రాలే.
గరాటు పట్టుకొని
పండుగకు పోసినట్టు పోసిన చేతులు
జేబుల పెట్టుకున్న.

కొత్త సీలు.
డ్రమ్ముకు అడ్డంగ ఉప్పు కాయితం.
క్యాముకు గోరు మీద పట్టేంత గ్రీజు,
"దీనికి ఈడనే కావాలె, జానెడు దూరంల వద్దు."
నన్ను పెడలు అదిమి పట్టుమని
అప్పుడు బిగించిండు నడిమి నట్టు,
రెండు షూలు సమంగ కూసోవాలెనట.

తెల్లారి చందంపేట దిగుడు.
తొక్కిన.
బండి ఆగింది. నేను ముందుకు తూలిన.
క్యాను మూత సందుల నుంచి తెల్లటి పొగ
నా మోకాళ్ళను తాకి పోయింది.
ఎన్నడూ జారుకుంట దాటిన జాగ అది.
పక్కన సీతాఫలం చెట్టు ఉందని
ఆ పొద్దే చూసిన.

రెండు నెలలైనంక
బక్కమ్మ ముందట మళ్ళ అదే చెప్పు.
ఆరెతోని మడమను పొడుచుకుంట అడిగింది,
"బండి బాగు కాలేదా సారూ ఇంకా?"

"బండి ఎప్పుడో అయిందమ్మా.
కాలుకే ఇంక తెల్వదు."